భూతాప బావులకు అనుమతులు: ఎక్కడ సడలించాలి, ఎక్కడ బిగించాలి

కైకలూరు, లింగాల, బంటుమిల్లి ప్రాంతాల్లో వరి పొలాల మధ్య, చేపల చెరువుల గట్ల పక్కన చమురు, గ్యాస్ కోసం ఓఎన్జీసీ వేసిన బావులు దశాబ్దాలుగా ఉన్నాయి. కొన్నింటిలో గ్యాస్ వచ్చింది, కొన్నింటిలో రాలేదు. వచ్చినా రాకపోయినా ప్రతి బావి అడుగున వేడి ఎంతో కొలిచి రాసిపెట్టారు. అది తెలియకపోతే ఏ రకం డ్రిల్లింగ్ బురద వాడాలో తేలదు, సిమెంట్ ఎంతసేపట్లో గట్టిపడుతుందో లెక్క అందదు. బంటుమిల్లి దక్షిణ ప్రాంతం బావులను అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత ఉన్నవాటిగా లెక్కిస్తారు. అడుగున సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటితేనే చమురు పరిశ్రమలో ఆ మాట వాడతారు. అంటే విజయవాడకు తూర్పున, రెండు గంటల ప్రయాణంలోపు, నేల కింద మూడు నాలుగు కిలోమీటర్ల లోతులో నీళ్లు మరిగే వేడి కన్నా ఎక్కువ వేడి ఉందని ఎప్పుడో తేలిపోయింది. ఆ వేడిని వాడుకోవాలంటే ఏ ఆఫీసు తలుపు తట్టాలన్నదే ఇంకా తేలలేదు.

నేల కింది ఈ వేడినే వాడుకునే భూతాప శక్తికి అనుమతులు సులభం చేయాలన్న చర్చ ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. అమెరికాలో ఈ విషయంలో రెండు ప్రధాన పార్టీలూ దాదాపు ఒకే మాట మీదున్నాయి. మన దేశంలో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో జాతీయ భూతాప శక్తి విధానం ప్రకటించింది. సడలింపు మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో అడిగితే జవాబు దొరకదు. ఒక భూతాప ప్రాజెక్టులో చాలా దశలుంటాయి. కొన్ని దశల్లో ఆలస్యం వల్ల ఎవరికీ మేలు లేదు, కొన్ని దశల్లో తొందరపడితే ఊరికే ప్రమాదం. ఏ దశకు ఏ నిబంధన అన్నదే అసలు ప్రశ్న.

నేలలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. ప్రపంచంలో సగటున కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీలు. విజయవాడలో నేల పైపొర ఏడాది సగటు ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలు అనుకుంటే, ఈ లెక్కన మూడు కిలోమీటర్ల లోతులో 103 నుంచి 118 డిగ్రీల మధ్య ఉండాలి. కానీ అన్ని చోట్లా నేల ఒకేలా లేదు. ఇంద్రకీలాద్రి, మంగళగిరి, కొండపల్లి కొండలు కోట్ల ఏళ్ల నాటి గట్టి రాయి. దక్షిణ భారతంలోని ఇలాంటి పాత రాతి నేలల్లో వేడి నెమ్మదిగా పెరుగుతుంది. గుంటూరు పడమర వైపు, పల్నాడు సున్నపురాతి నేలల్లోనూ పెద్దగా ఆశ పెట్టుకునే పరిస్థితి లేదు. తూర్పున కృష్ణా–గోదావరి అవక్షేప బేసిన్‌లో కిలోమీటర్ల మందాన మేట వేసిన ఇసుక, బంకమట్టి పొరలు లోపలి వేడిని దుప్పటిలా కప్పి ఉంచుతాయి. కాబట్టి ఈ ప్రాంతంలో లోతు బావుల చర్చ అంటే విజయవాడ నగరం గురించి కాదు, దాని తూర్పు డెల్టా గురించి.

సోలార్ ప్యానెల్ పెట్టే చోట ఎండ ఎంతో ముందే తెలుసు. భూతాప బావికి ఆ సౌకర్యం లేదు. కింద వేడి ఉందా, ఉంటే దాన్ని పైకి మోసుకొచ్చే నీరు ఉందా, ఆ నీరు రాతి పొరల్లోంచి ధారాళంగా కదులుతుందా అన్నది బావి వేస్తే గానీ తేలదు. ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన ఐఎఫ్‌సీ 2013లో ప్రపంచవ్యాప్తంగా 2,600కు పైగా భూతాప బావుల రికార్డులు పరిశీలించింది. మొత్తమ్మీద 78 శాతం బావులు పనికొచ్చాయి. అన్వేషణ దశలో వేసినవైతే 59 శాతమే. అంటే మొదటి దశలో ప్రతి అయిదు బావుల్లో సుమారు రెండు వృథా. ఒక్కో లోతు బావికి కోట్లకు కోట్లు పోయాలి, అదీ ఒక్క యూనిట్ కరెంటు అమ్మకముందే. ఆ దశలో బ్యాంకులు అప్పివ్వవు. సొంత డబ్బో, వెంచర్ పెట్టుబడో పెట్టి ఫైలు ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూడాలి. ఏడాది ఆలస్యమైతే వడ్డీ ఒక్కటే పెరిగి ఊరుకోదు, పెట్టుబడిదారు వేరే చోటికి వెళ్లిపోతాడు. అనుమతుల టెన్షన్ ఈ రంగంలో మిగతావాటికన్నా ఎక్కువగా ఉండటానికి కారణం ఇది.

అమెరికా విషయానికొస్తే, అక్కడ భూతాప వనరుల్లో ఎక్కువ భాగం పశ్చిమ రాష్ట్రాల్లోని కేంద్ర ప్రభుత్వ భూముల కింద ఉంది. 1970 నాటి జియోథర్మల్ స్టీమ్ చట్టం ప్రకారం అక్కడి భూ నిర్వహణ బ్యూరో లీజులిస్తుంది. అదే సంవత్సరం అమల్లోకి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టం ప్రకారం ప్రభుత్వం తీసుకునే ప్రతి ముఖ్య నిర్ణయానికీ పర్యావరణ సమీక్ష కావాలి. భూతాప ప్రాజెక్టులో లీజు ఒక నిర్ణయం, అన్వేషణ మరొకటి, పరీక్ష బావులు ఇంకొకటి, ఉత్పత్తి బావులు, ప్లాంటు, కరెంటు లైను వేరే వేరే. అలా ఒకే స్థలానికి ఆరుసార్ల దాకా సమీక్ష జరిగే అవకాశం ఉందనీ, మొత్తం ఏడు నుంచి పదేళ్లు పడుతుందనీ అక్కడి పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల లెక్కతేల్చింది. ఇంకో తిరకాసు కూడా ఉంది. 2005 ఇంధన చట్టంలో కొన్ని రకాల చమురు, గ్యాస్ బావులకు ఆ సమీక్ష నుంచి మినహాయింపు ఇచ్చారు. అదే రిగ్గు, బావి గోడకు దించే అదే కేసింగ్ గొట్టం, అదే సిబ్బందితో వేసే భూతాప బావికి మాత్రం ఇవ్వలేదు. కాలుష్యం తగ్గించే బావికి కష్టం, పెంచే బావికి సులభం అన్నట్టు తయారైంది. ఇది ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు. చమురు కంపెనీలకు చట్టసభలో గొంతు ఉంది, భూతాప కంపెనీలకు అప్పట్లో లేదు.

ఆ తేడాను ఇప్పుడు సరిచేస్తున్నారు. 2024లో అన్వేషణ పనులకు, 2025 జనవరిలో వనరు ఉందో లేదో నిర్ధారించుకునే బావులకు బ్యూరో మినహాయింపులు తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో అక్కడి అంతర్గత వ్యవహారాల శాఖ అత్యవసర పద్ధతి పేరుతో, మామూలు పర్యావరణ సమీక్షను 14 రోజుల్లో, పూర్తిస్థాయి నివేదికను 28 రోజుల్లో ముగిస్తామంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది దశల లెక్క: చిన్న పనికి చిన్న సమీక్ష, పెద్ద పనికి పెద్ద సమీక్ష. రెండోది క్యాలెండర్ లెక్క. ఒక వేడినీటి ఊట ఎండాకాలంలో ఎంత పారుతుందో, వర్షాకాలంలో ఎంత పారుతుందో 28 రోజుల్లో ఎవరూ కొలవలేరు.

నెవాడా రాష్ట్రంలోని డిక్సీ మెడోస్ కథ ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. ఎడారిలో వేడినీటి ఊటల వల్ల ఏర్పడిన చిన్న చిత్తడి నేల అది. అక్కడ 60 మెగావాట్ల భూతాప ప్రాజెక్టుకు 2021 నవంబరులో అనుమతి వచ్చింది. ఆ ఊటలు తమకు పవిత్రమని ఫాలన్ పయూట్–షొషోనీ తెగవాళ్లు, ఒక పర్యావరణ సంస్థతో కలిసి కోర్టుకెక్కారు. ప్రపంచంలో ఆ చిత్తడిలో తప్ప ఇంకెక్కడా బతకని ఒక చిన్న గోదురుకప్ప, రెండంగుళాలదే, అక్కడ ఉంది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని అత్యవసరంగా అంతరించే జాతుల జాబితాలో చేర్చింది. దాంతో కంపెనీ ప్రాజెక్టును 12 మెగావాట్లకు కుదించుకుంటానంది. అనుమతి ఇచ్చిన ప్రభుత్వమే అయిదు నెలలు తిరక్కుండా కప్పను కాపాడాల్సి వచ్చిందన్నమాట.

దీన్ని కొందరు పర్యావరణవాదుల అడ్డంకి అంటారు, కొందరు కంపెనీ దురాశ అంటారు. అసలు లోపం మూడోది. బావికీ ఊటకూ మధ్య నేల కింద నీటి సంబంధం ఎలా ఉందో అనుమతికి ముందు గట్టిగా తేల్చుకోలేదు. అన్వేషణ బావులకు త్వరగా అనుమతిచ్చి, వాటితోపాటే ఊటల ప్రవాహాన్ని, వేడిని రెండు మూడేళ్లు కొలిపించి, ఆ అంకెలు చేతిలో పెట్టుకుని ఉత్పత్తి గురించి నిర్ణయించి ఉంటే కంపెనీకీ తెగకూ కోర్టు ఖర్చు మిగిలేది. మొదటి బావి ఆలస్యం కావడం పర్యావరణానికి రక్ష కాదు. మొదటి బావే సమాచారం ఇస్తుంది.

ఇండోనేసియాలో చిక్కు పర్యావరణ సమీక్ష దగ్గర రాలేదు, ఒక నిర్వచనం దగ్గర వచ్చింది. 2003 నాటి చట్టం భూతాప తవ్వకాన్ని మైనింగ్ కింద లెక్కకట్టింది. రక్షిత అడవుల్లో మైనింగ్ మీద ఆంక్షలున్నాయి. అగ్నిపర్వతాల వాలులన్నీ ఎక్కువగా అడవులే కాబట్టి ప్రాజెక్టులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. 2014లో కొత్త చట్టం తెచ్చి భూతాపం మైనింగ్ కాదని తేల్చారు. జపాన్‌లో వనరులు చాలావరకు జాతీయ పార్కుల్లో ఉన్నాయి. 2012 నుంచి అక్కడ నిబంధనలు సడలిస్తూ వచ్చినా, వేడినీటి స్నానశాలల యజమానులు తమ ఊట ఎండిపోతుందన్న భయంతో ఒప్పుకోవడం లేదు. కాగితం మీద అనుమతి వచ్చినా ఊరి అనుమతి రాని పరిస్థితి అది. కెన్యా వేరే దారి పట్టింది. మొదటి బావుల నష్టభయాన్ని ప్రభుత్వ కంపెనీయే నెత్తికెత్తుకుంది. ఆవిరి ఉందని తేలాక ప్రైవేటు వాళ్లను పిలుస్తుంది. ఈ రోజు ఆ దేశం కరెంటులో సుమారు 40 శాతం భూతాపానిదే.

సడలింపు కోరేవాళ్లు ప్రస్తావించడానికి ఇష్టపడని ఉదాహరణలు రెండున్నాయి. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017 నవంబరు 15న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. పదుల మందికి దెబ్బలు తగిలాయి, వందల కోట్ల ఆస్తి నష్టమైంది. అక్కడి భూతాప ప్రాజెక్టు కోసం రాతిలోకి అధిక పీడనంతో నీళ్లు ఎక్కించడమే ఆ భూకంపాన్ని రేపిందని ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం 2019 మార్చిలో ప్రకటించింది. అంతకుముందే అక్కడ చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి, వాటిని పట్టించుకోలేదు. రెండోది జర్మనీలోని స్టౌఫెన్ పట్టణం. అక్కడ 2007లో మున్సిపల్ భవనానికి చల్లదనం, వెచ్చదనం అందించడానికి 140 మీటర్ల లోతున ఏడు బోర్లు వేశారు. అంతే, పెద్ద ప్రాజెక్టేమీ కాదు. ఆ బోర్ల పక్క నుంచి నీళ్లు పైకి చేరి ఒక ఖనిజ పొరను తడిపాయి. ఆ పొర ఉబ్బి పట్టణమే పైకి లేచింది, రెండు వందలకు పైగా ఇళ్లకు పగుళ్లొచ్చాయి. బోరు పక్కన సిమెంట్ పూడిక సరిగా లేకపోతే 140 మీటర్ల బోరు కూడా ఊరిని పగలగొట్టగలదు.

మన దేశంలో భూవైజ్ఞానిక సర్వే సంస్థ 1973 నుంచి వేడినీటి ఊటలను అధ్యయనం చేస్తోంది. దేశంలో 381 ఊటలు, పది భూతాప ప్రాంతాలు, 10,600 మెగావాట్ల దాకా అవకాశం ఉన్నట్టు ప్రభుత్వ అంచనా. ఇన్ని దశాబ్దాల తరవాత చేతికొచ్చిన కరెంటు మాత్రం నామమాత్రం. మణుగూరు దగ్గర సింగరేణి సంస్థ బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు వాటంతటవే పైకి తన్నాయి. ఆ నీళ్లతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక యూనిట్ పెట్టారు. నాలుగైదు ఇళ్లలో ఏసీలు నడిచేంత కరెంటు అది. చిన్నదే అయినా దానికి పెద్ద విలువ ఉంది. వేరే పని కోసం వేసిన బోరు భూతాపానికి పనికొస్తుందని గోదావరి లోయలోనే రుజువైంది.

లద్దాఖ్‌లోని పూగా లోయలో ఓఎన్జీసీ 2021లో ఒప్పందం కుదుర్చుకుని మెగావాటు ప్లాంటుకు పూనుకుంది. 2022లో డ్రిల్లింగ్ మొదలయ్యాక లోపలి వేడి ద్రవం అదుపు తప్పి పైకొచ్చి పూగా వాగులో కలిసింది, పని ఆపాల్సి వచ్చింది. ఎంతో అనుభవం ఉన్న ప్రభుత్వ సంస్థకే అలా జరిగింది. అక్కడ జనం తక్కువ. అదే ద్రవం బంటుమిల్లిలో రొయ్యల చెరువులోకి పారితే ఒక్క రాత్రిలో ఒక కుటుంబం ఏడాది పెట్టుబడి పోతుంది.

2025 జాతీయ విధానంలో మంచి మాటలున్నాయి. సింగిల్ విండో అనుమతులు, పాడుబడిన చమురు బావులను భూతాపానికి మళ్లించడం, భవనాల వేడిని నేలలోకి పంపి చల్లబరిచే హీట్ పంపులు, అన్నీ ఉన్నాయి. కానీ విధానం చట్టం కాదు. నేల కింది వేడి ఎవరిది అన్న మౌలిక ప్రశ్నకు మన చట్టాల్లో సూటి జవాబు లేదు. 2013లో కేరళ భూముల కేసులో సుప్రీంకోర్టు, చట్టం వేరేలా చెప్పని పక్షంలో భూమి కింది ఖనిజం కూడా భూయజమానిదేనని చెప్పింది. వేడి ఖనిజమా? నీరా? రెండూ కాదా? ఇండోనేసియా పదకొండేళ్లు ఈ చిక్కులోనే ఇరుక్కుంది. నెవాడాలో మైళ్ల కొద్దీ భూమి ప్రభుత్వానిది. కృష్ణా డెల్టాలో ప్రతి సెంటుకూ పట్టాదారు పాస్‌బుక్ ఉంది. గ్యాస్ పైపులైన్ల కోసం 1962 చట్టం కింద భూమిలో వాడుక హక్కు తీసుకున్నప్పుడు రైతుకు దక్కిన పరిహారం ఎంతో, ఆ తరవాత ఆ పొలానికి ధర ఎంత పలికిందో ఇక్కడి ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఆ అనుభవం ఉన్నవాళ్ల పొలంలోకి రిగ్గు దించాలంటే సింగిల్ విండో ఒక్కటే చాలదు.

ఈ రోజు కృష్ణా జిల్లాలో ఎవరైనా భూతాప బావి వేయాలనుకుంటే రెవెన్యూ వాళ్లు, భూగర్భజల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, పంచాయతీ, కాలువ దగ్గరైతే జలవనరుల శాఖ, పాత చమురు బావైతే పెట్రోలియం శాఖ, ఆ బ్లాకు లైసెన్సు ఉన్న కంపెనీ, అందరి దగ్గరికీ తిరగాలి. అమెరికాలో సమస్య ఒకే పరీక్ష పదే పదే రాయించడం. ఇక్కడ సమస్య పరీక్ష ఎవరు పెడతారో తెలియకపోవడం. కాబట్టి అక్కడి మినహాయింపులను తెచ్చి ఇక్కడ అతికిస్తే ఉపయోగం ఉండదు. ఇక్కడ ముందు కావాల్సింది ఒక బాధ్యుడు. ఫైలు ఎక్కడుందో చెప్పగలిగిన, గడువు దాటితే కారణం రాసివ్వాల్సిన ఒక అధికారి.

చమురు, గ్యాస్ అన్వేషణకు కేంద్రం ఇప్పటికే చాలా సడలించింది. 2020 జనవరిలో పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌ను సవరించి అన్వేషణ బావులను బీ2 వర్గంలోకి మార్చింది. పూర్తి ప్రభావ నివేదికా, ప్రజాభిప్రాయ సేకరణా లేకుండానే రాష్ట్ర స్థాయిలో అనుమతి వచ్చే వర్గం అది. డెల్టాలో దానిమీద వ్యతిరేకత వచ్చింది, అందులో న్యాయం ఉంది. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. భూతాప బావిలో మండే గ్యాస్ కోసం వెతకరు నిజమే, కానీ కృష్ణా–గోదావరి బేసిన్‌లో వేడి కోసం తవ్వితే దారిలో గ్యాస్ పొర తగలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే పీడనాన్ని అడ్డుకునే బ్లోఅవుట్ ప్రివెంటర్, కేసింగ్ వెనక సిమెంట్ పట్టిందో లేదో చూసే పరీక్ష, ఈ రెండిట్లో ఒక్క అంగుళం కూడా సడలింపు ఉండకూడదు. ఇవి నెలలు పట్టే పనులు కావు. సిమెంట్ పరీక్షకు పరికరాన్ని బావిలోకి దించి పైకి లాగడానికి పట్టేది గంటలే. దాని ఫలితం ఊరి సచివాలయంలో అతికిస్తే ప్రజాభిప్రాయ సేకరణలో వచ్చే ప్రశ్నల్లో సగానికి అక్కడే జవాబు దొరుకుతుంది.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. డెల్టా లోతుల్లో దొరికే వేడినీరు ఉప్పునీరు. దాన్ని వాడుకుని డ్రెయిన్‌లోకి వదిలేస్తే అది వరికీ చేపకీ విషమే. కైకలూరు పక్కనే కొల్లేరు ఉంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్నదిగా గుర్తించినది. ఆక్రమణలు, కాలుష్యంతో ఇప్పటికే కుంగిపోయిన సరస్సు. తీసిన నీటిని తీసిన లోతుకే తిరిగి ఎక్కించాలన్న నిబంధన ఇక్కడ ఐచ్ఛికం కాకూడదు. దానికి రెండో బావి కావాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు భరించలేని ప్రాజెక్టు ఈ డెల్టాలో ఉండకపోవడమే మేలు. రాతిని పగలగొట్టే అధిక పీడన పద్ధతిని మాత్రం ఇక్కడ ఇప్పుడే అనుమతించాల్సిన అవసరమే లేదు. 1967లో ఒంగోలును 5.4 తీవ్రతతో కుదిపిన భూకంపం ఈ తీరానికి దూరమైనదేమీ కాదు.

ఇంతా చేసి వచ్చేదేమిటి? కరెంటు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఒక్క యూనిట్‌తో పోల్చినా పాత చమురు బావుల కరెంటు లెక్కలోకి రాదు. ఆ బావుల కేసింగ్ సన్నగా ఉంటుంది, నీళ్లు అంత వేగంగా రావు. అసలు ప్రయోజనం వేడిని వేడిగానే వాడుకోవడంలో ఉంది. సెకనుకు పది లీటర్ల చొప్పున 110 డిగ్రీల నీళ్లు వచ్చి, వాటిని 80 డిగ్రీల దాకా చల్లార్చి వెనక్కి పంపామనుకుందాం. అందులోంచి సుమారు 1,250 కిలోవాట్ల వేడి దక్కుతుంది. వేడితో నడిచే అమోనియా శీతల యంత్రాలు ఎప్పటినుంచో ఉన్నాయి. కైకలూరు, ఆకివీడు వైపు చేపల ప్యాకింగ్ చూసినవాళ్లకు ఐసు విలువ తెలుసు. తెల్లవారుజామున పట్టిన చేపను ట్రేలలో ఒక వరస చేప, ఒక వరస పొడి చేసిన ఐసు వేసి, లారీలో ఈశాన్య రాష్ట్రాల దాకా పంపుతారు. ఐసు ఫ్యాక్టరీ ఖర్చులో పెద్ద భాగం కరెంటు బిల్లే. బావి పక్కనే ఐసు ఫ్యాక్టరీ ఉంటే పైపులైను బెడద కూడా లేదు. డెల్టాలో భూతాపానికి సరిగ్గా అతికే పని ఇది.

గుంటూరు మిర్చి సంగతి తరచూ ఈ చర్చలోకి వస్తుంది. కల్లాల్లో ఆరబెట్టిన కాయ మీద అకాల వాన పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది, యార్డులో రేటు సగానికి పడిపోతుంది. ఆ రైతు కష్టం చిన్నది కాదు. కానీ గుంటూరు, పల్నాడు గట్టి రాతి నేలల్లో కాయలు ఆరబెట్టేందుకు కావాల్సిన 60 డిగ్రీల వేడి కోసం రెండు కిలోమీటర్లు తవ్వడం దండగ. అక్కడ సోలార్ డ్రయ్యర్లే మేలు. భూతాపం పేరు చెప్పి ఆ రైతుకు ఆశ చూపించడం న్యాయం కాదు. యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలకూ ఇదే వర్తిస్తుంది. కైకలూరు వేడినీటిని గుంటూరు దాకా పైపుల్లో తెచ్చేసరికి లాభం దారిలోనే కారిపోతుంది.

విజయవాడ, గుంటూరు నగరాలకు పనికొచ్చేది తక్కువ లోతు పద్ధతి. నేల కింద పది పదిహేను మీటర్లు దాటితే ఎండాకాలమైనా చలికాలమైనా 28, 30 డిగ్రీలకు అటూ ఇటూ స్థిరంగా ఉంటుంది. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు ఏసీ తన వేడిని ఆ మండే గాలిలోకి కాకుండా నేలలోకి పంపితే కరెంటు బాగా ఆదా అవుతుంది. ఇక్కడొక ఇబ్బంది ఉంది. చలిదేశాల్లో వేసవిలో నేలలోకి పంపిన వేడిని చలికాలంలో తిరిగి వాడుకుంటారు. మనకు ఇళ్లు వెచ్చబెట్టుకునే అవసరమే లేదు. ఏడాది పొడవునా వేడి నింపుతూపోతే కొన్నేళ్లకు నేల కూడా వేడెక్కుతుంది. వేడినీళ్లు బాగా వాడే ఆసుపత్రులు, హాస్టళ్లు, హోటళ్లలో అయితే లెక్క సరిపోతుంది.

ఈ చిన్న బోర్లకు నిజంగా సడలింపు కావాలి. రాష్ట్రంలో 2002 నాటి వాల్టా చట్టం బోర్లను నియంత్రిస్తుంది. రిగ్గులు రిజిస్టర్ చేయించుకోవాలి, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు కొత్త బోరు వేయాలంటే అనుమతి కావాలి. నీళ్లు తోడే బోర్లను దృష్టిలో పెట్టుకుని రాసిన చట్టం అది. హీట్ పంపు బోరు చుక్క నీరు తోడదు, మూసిన పైపులో నీళ్లు తిరుగుతాయంతే. దానికి నీటి బోరు నిబంధనలు పెట్టడం అర్థం లేని పని. దాని బదులు, బోరు చుట్టూ అడుగు నుంచి పై దాకా సిమెంట్ పూడిక వేశారని ఫొటోలతో, కొలతలతో నమోదు చేయించుకుని వెంటనే అనుమతి ఇవ్వాలి. స్టౌఫెన్ నేర్పింది ఇదొక్కటే. భూగర్భజలాలు అడుగంటిన మండలాల్లో తాగునీటి బోరుకే ఇంకా రాత్రికి రాత్రి దొంగచాటుగా రిగ్గులు తిరుగుతున్నాయి. అమలు చేయలేని నిబంధన పెట్టి వాటి సంఖ్య పెంచకూడదు.

లోతు బావుల విషయంలో సడలింపు మొదటి బావికి ఇవ్వాలి. అధిక పీడనంతో నీళ్లు ఎక్కించని, ఏ నీరూ బయటికి వదలని, వేడి కొలవడానికి మాత్రమే వేసే బావికి 60 రోజుల్లో ఒకే చోట అనుమతి రావాలి. దానికి బదులుగా కంపెనీ మూడు పనులకు ఒప్పుకోవాలి. చుట్టుపక్కల తాగునీటి బోర్ల మట్టాన్ని, ఉప్పదనాన్ని బావి వేయకముందు నుంచే కొలిచి చూపాలి. బావి మూసే ఖర్చు ముందే బ్యాంకులో డిపాజిట్ చేయాలి. దొరికిన అంకెలన్నీ రెండేళ్లలో బహిరంగం చేయాలి. ఉత్పత్తి దశకు వచ్చినప్పుడు మాత్రం గ్రామసభ, ప్రజాభిప్రాయ సేకరణ, రైతుకు ఒక్కసారి పరిహారం కాకుండా ఏటా వాటా, ఇవన్నీ పూర్తిగా జరగాలి. అప్పటికి చేతిలో నిజమైన అంకెలుంటాయి కాబట్టి ఆ సభలో రెండు పక్షాలూ ఊహల మీద కాక లెక్కల మీద మాట్లాడుకుంటాయి.

మొదటి బావి ఖర్చు కూడా తప్పించుకునే దారి డెల్టాలో ఉంది. ఓఎన్జీసీ పాత బావుల అడుగు ఉష్ణోగ్రతలు, రాతి పొరల వివరాలు కంపెనీ దగ్గర, హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ దగ్గర ఉన్నాయి. చమురు అన్వేషకుల కోసం 2017లో జాతీయ డేటా భాండాగారం తెరిచారు. భూతాపానికి పనికొచ్చే ఉష్ణోగ్రతలను మాత్రం విడదీసి అందరికీ ఉచితంగా పెట్టడానికి కొత్త చట్టం అవసరం లేదు, ఒక ఉత్తర్వు చాలు. చమురు కంపెనీలకు అందులో పోయే వ్యాపార రహస్యమూ లేదు. అనుమతుల సడలింపుల్లో అన్నిటికన్నా చవకైనది ఇదే.

అయితే దీనికి టైము ఎక్కువ లేదు. చమురు బావి పని అయిపోయాక దాన్ని అలాగే వదలరు. లోపల అంచెలంచెలుగా సిమెంట్ బిరడాలు వేసి, పై కేసింగ్‌ను నేలకు కొన్ని అడుగుల దిగువన కోసి, మట్టి కప్పి పొలం రైతుకు అప్పగిస్తారు. రైతు భద్రతకు అది సరైన పనే. కానీ ఒకసారి బిరడా పడ్డాక మళ్లీ తెరవడానికి అయ్యే ఖర్చు కొత్త బావి ఖర్చుకు దగ్గరగా వెళుతుంది. బిరడా వేసేముందు వారం రోజులు ఆ బావిలో వేడి, నీటి ప్రవాహం పరీక్షించి ఫలితాన్ని నమోదు చేయాలన్న ఒక్క షరతు పెట్రోలియం నిబంధనల్లో చేర్చాలి. ఫలితం బాగుంటే ఆ బావి బాధ్యత చమురు కంపెనీ నుంచి కొత్త కంపెనీకి ఎప్పుడు, ఏ రాతకోతలతో మారుతుందో కూడా అందులోనే రాయాలి. ఆ బాధ్యత మారే దారి స్పష్టంగా లేకపోతే, పనికొచ్చే బావి అయినా మూసేయడమే చమురు కంపెనీకి సురక్షితం. ఈ షరతు వచ్చేలోపు మూతపడే ప్రతి బావీ డెల్టాకు దక్కకుండా పోయినట్టే.